మూడో రోజు వచ్చిన మంచు బండి

"బోర్డు మీద మంచు దులిపొస్తానే, పేరు కనపడట్లేదు" అన్నారాయన.

"పేరు కనపడితే దారి కనపడుద్దా? టీ తాగి పోండి" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. అంత కాపురం చేసిన మొగుడూ పెళ్ళాలకు చివరి మాటలు ఇంకాస్త మంచివి దొరికుంటే బాగుండేదని వినేవాళ్ళకు అనిపించవచ్చు. నాకలా అనిపించదు. మేం రోజూ అలాగే మాట్లాడుకునేవాళ్ళం. ఆయన ఒకటనడం, నేను దాని తోక పట్టుకుని ఇంకొకటనడం. ఆ పొద్దున కూడా ఆయన నవ్వుకుంటూనే తలుపు తీశారు. చలి లోపలికొచ్చింది, ఆయన బయటికెళ్ళారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఊళ్ళో మళ్ళీ ఎన్నికలు. ఈ మహానగరానికి ఒక మేయరు, వార్డువార్డుకీ ఒక కౌన్సిలరు. ఇళ్ళ ముందు గడ్డిలో తీగ కాళ్ళ మీద నిలబడే అట్ట బోర్డులు పుట్టగొడుగుల్లా లేచాయి. మొన్న ఒకమ్మాయి చంకనిండా బోర్డులు పెట్టుకుని మా తలుపు కొట్టింది. మా ఆయన పోయినప్పటి మా వార్డు కౌన్సిలరు ఇప్పుడు మేయరుకే నిలబడ్డాడట. మా ఇంటి ముందు బోర్డు పెడితే అతనికెంతో సంతోషమట. నాకు ఇంగ్లీషులో బాగా వచ్చిన మాట ఒకటుంది. "నో" అన్నాను. ఆ పిల్ల మంచిది, సారీ చెప్పి మెట్లు దిగిపోయింది. ఆ సాయంత్రమే, నా దగ్గరుండి చదువుకుంటున్న మా తమ్ముడి కూతురు ఫోన్ పట్టుకొచ్చి, "అత్తా, ఇది మామయ్య గురించే" అని ఒక వీడియో చూపించింది. అతను ఏదో హాల్లో మైకు పట్టుకుని మాట్లాడుతున్నాడు, జనం కళ్ళొత్తుకుంటున్నారు. ఏమంటున్నాడే అని అడిగితే అమ్మాయి చెప్పింది. "ఇండియా నుంచి వచ్చిన నా స్నేహితుడొకడు ఆఖరి ఊపిరి దాకా నా బోర్డు మీద మంచు దులుపుతూ పోయాడు. వాళ్ళింటికెళ్తే అతని భార్య నా చెయ్యి పట్టుకుని, మీరొచ్చినందుకు థాంక్యూ అంది. ఈ ఊరంటే అదీ, అంటున్నాడత్తా." జనం చప్పట్లు కొట్టారు.

నేనా, థాంక్యూ అన్నానా?

వచ్చే ఆదివారం ఇండియన్ రెస్టారెంటు పైనున్న హాల్లో మనవాళ్ళంతా కలిసి అతనికి సభ పెట్టారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతారట. నేను వస్తానని కబురు పంపాను. శాలువా కోసం కాదు. నాకు సంతకం వచ్చు, బస్సు నంబర్లు వచ్చు, అంతకు మించి చదువు రాదు. అందుకని ఈ అమ్మాయి చేత రాయిస్తున్నాను. అతని ముందే, మనవాళ్ళందరి ముందూ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ చదువుతానంది.

మా ఆయన గోడల మీద రాసే మనిషి. మా వైపు పంచాయతీ ఎన్నికలొచ్చాయంటే నెల రోజులు ఇంటి మొహం చూసేవారు కాదు. ఉంగరం, కత్తెర, బిందె, గాలిపటం, ఎవరికే గుర్తొస్తే అది. ఆయన ఉంగరం గీస్తే అందులో రాయి మెరిసేది. ఒకే గోడకు ఇటువైపు ఒకరి గుర్తు, అటువైపు వాళ్ళ పగవాళ్ళ గుర్తు, రెండూ అంతే శ్రద్ధగా వేసేవారు. నేనాయన్ని మొదట చూసింది మా నాన్నగారి గోడ మీదే. నిచ్చెనెక్కి, మోచేతుల దాకా నీలం రంగుతో, గాలిపటానికి తోక వేస్తున్నారు. "తోక చిన్నదైంది" అన్నాను కింద నుంచి. "నీ నాలుకంత పొడుగు కావాలా?" అన్నారు. అలా మొదలైంది మా మాట. తర్వాత వాళ్ళన్నయ్య పిలిపించుకుంటే నడివయసులో, మా కూతుర్ని వెంటబెట్టుకుని ఈ దేశం వచ్చాం. ఆయన ఎయిర్‌పోర్టులో పెట్టెలు మోశారు, నేను హోటల్లో దుప్పట్లు మడిచాను. ఇక్కడ గోడల మీద రాస్తే పోలీసులొస్తారని తెలిసి ఆయన చాలా రోజులు దిగులు పడ్డారు.

సిటిజన్లం అయ్యాక మొదటిసారి ఊరి ఎన్నికలకు ఓటేయడానికి వెళ్ళి నేను తెల్లమొహం వేశాను. కాగితం మీద బొమ్మ లేదు. ఉంగరం లేదు, కత్తెర లేదు, ఈ ఊరి ఎన్నికల్లో పార్టీ పేరు కూడా ఉండదట. అన్నీ మనుషుల పేర్లే, చీమల బారుల్లా. నేను కాగితం అటు తిప్పి ఇటు తిప్పి ఖాళీగానే ఇచ్చొచ్చాను. ఆయన ఇంటికొచ్చి తెగ నవ్వి, ఆ మర్నాడే ఒక బోర్డు తెచ్చి గడ్డిలో పాతారు. "ఇటు చూడు, ఇది మన కౌన్సిలరు పేరు. మొదటి అక్షరం నిచ్చెన, రెండోది సున్నా, చివరిది పాము. ఈ మూడూ పట్టుకుంటే చాలు, మధ్యలోవి ఎవడిక్కావాలి?" అన్నారు. పొద్దున కిటికీ తెర తీస్తే అదే, రాత్రి వేస్తే అదే. అలా ఇంగ్లీషులో నాకు చదవొచ్చిన పేరు ఆ ఒక్కటే.

ఆ కౌన్సిలరు ఆఫీసు మా పేటలోనే, బట్టలుతికే మెషీన్ల షాపు పక్కన. ఎన్నికలొస్తే మా ఆయన సాయంత్రాలన్నీ అక్కడే. మా వీధిలో సగం ఇళ్ళు మనవాళ్ళవే, వాళ్ళందరి ఓట్లూ ఈయన మాట మీద పడేవి. ఖాళీ చేతుల్తో ఓటడగకూడదని ఈయన సిద్ధాంతం. అందుకని నేను జంతికలు వండాలి. ఇంటింటికీ ఓ పొట్లం, ఆఫీసులో పిజ్జాలు తినే పిల్లలకు ఓ డబ్బా. కౌన్సిలరు ఒకసారి జంతిక కొరికి పన్ను పట్టుకుని కూర్చున్నాడట, అయినా ఇంకోటి అడిగాడట. ఇంత చాకిరీకీ మా ఆయన అతన్ని అడిగింది ఒక్కటే. మా వీధికి అవతలి చివర దారి లేదు, రైలు పట్టాలు అడ్డం. మంచు పడితే తోసే బండి పెద్ద రోడ్డు మీద నుంచే పోతూ, అక్కడి మంచంతా తెచ్చి మా వీధి మొదట్లో గట్టులా పోసి పోయేది. లోపల మేం, బయట లోకం. ఆ బండిని ఒక్కసారి మా వీధిలోకి తిప్పించమని ఈయన అడిగేవారు. అతను భుజం మీద చెయ్యేసి "అబ్సల్యూట్లీ, మై ఫ్రెండ్" అనేవాడు. ఈయన ఇంటికొచ్చి, "అబ్సల్యూట్లీ అన్నాడే" అని సంబరంగా చెప్పేవారు. "మీ అబ్సల్యూట్లీ గారు ఈ ఏడైనా వస్తాడా, లేక మంచు కరిగాక వస్తాడా?" అని నేను. ప్రతి ఏడూ మంచే ముందు కరిగేది.

ఆ ఏడు ఎన్నికలు ఇంకో వారం ఉన్నాయనగా రెండు రోజులు తెరిపి లేకుండా మంచు కురిసింది. మూడో పొద్దున తెరిపిచ్చింది. బోర్డు నెత్తి మీద టోపీలా మంచు, పేరంతా మూసుకుపోయింది. అప్పుడే ఆయన చీపురు పుచ్చుకుని వెళ్ళింది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. మోకాళ్ళ లోతు మంచులో ఒక్కో అడుగూ పీక్కుంటూ వెళ్ళారు. నిచ్చెన బయటపడింది, సున్నా బయటపడింది. తర్వాత ఆయన కూర్చున్నారు. బోర్డు కాలు సరిచేస్తున్నారేమో అనుకున్నాను. ఎంతకీ లేవరే! చెప్పుల్తోనే పరిగెత్తాను.

ఎదురింటి టాక్సీ డ్రైవరు పాకిస్తానీ, మా ఆయన అతన్ని భాయ్ అనేవారు. నా కేకలు విని వచ్చి అతనే ఫోన్ చేశాడు. అంబులెన్సు తొందరగానే వచ్చింది, వాళ్ళ తప్పేం లేదు. కూత వినపడింది. వీధి మొదట్లో ఎర్ర లైటు తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. తిరుగుతూ అక్కడే ఆగిపోయింది. గట్టు అడ్డం. వాళ్ళు ఆ గట్టెక్కి, దిగి, మోకాళ్ళ లోతు మంచులో బరువులు మోసుకుంటూ రావాలి. భాయ్ ఆగలేకపోయాడు. వాళ్ళ పిల్లలు జారుడాట ఆడే ప్లాస్టిక్ బల్ల తెచ్చి, ఆయన్ని దాని మీద పడుకోబెట్టి తాడు భుజానికేసుకుని లాగాడు. నేను ఆయన తల పట్టుకుని వెనకాల. "దారి, దారి" అని అరుస్తూనే ఉన్నాను, ఆ వీధిలో మేం తప్ప ఎవరున్నారని! భాయ్ అడుగులకు లేచిన మంచు ఆయన కనుబొమల మీద పడి కరగడం మానేసింది. నేను తుడుస్తూనే ఉన్నాను. ముందొచ్చుంటే బతికేవారా అని మా కూతురు తర్వాత డాక్టర్ని అడిగింది. చెప్పలేమన్నాడు. నేనూ చెప్పలేను. ఆ లైటు తిరుగుతూ ఎంతసేపు అక్కడే ఉందో మాత్రం నాకు తెలుసు.

మా అమ్మాయి ఉండేది చాండ్లర్‌లో, మంచంటే ఎరగని ఊరు. మర్నాడు విమానం దిగి, సూట్‌కేసు చేతులతో ఎత్తుకుని ఆ గట్టు దాటి ఏడుస్తూ వచ్చింది. దాని మర్నాడు, అంటే ఆయన పోయిన మూడో రోజు పొద్దున, ఇల్లంతా అదిరేలా చప్పుడైంది. మంచు బండి. మా వీధిలోకి వచ్చింది. గట్టు తోసేసి, ఈ చివర నుంచి రైలు పట్టాల దాకా నల్లటి తారు కనపడేటట్టు గీకింది. వెనకాలే ఇంకో బండి, మళ్ళీ మంచు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుకుంటూ పోయింది. ఇళ్ళల్లోంచి మనుషులు బయటికొచ్చి ఏదో తిరణాల చూసినట్టు చూశారు. ఎందుకొచ్చిందో నాకు మధ్యాహ్నం తెలిసింది. నల్ల కోటు వేసుకుని, తెల్ల పూలు పట్టుకుని, తళతళలాడే బూట్లకు తడి అంటకుండా కౌన్సిలరు వచ్చాడు.

సోఫాలో నా పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి, అబద్ధం చెప్పను. మా అమ్మాయి ఒక్కో మాటా నాకు చెప్తోంది. అన్నీ విన్నాక నేను అన్నాను, "ఈ వీధిలోకి మీ బండి పట్టుద్దని ఇవాళే తెలిసింది. ఈ పని మూడు రోజుల ముందు చేసుంటే మా ఆయన కూడా చూసేవారు. అని చెప్పమ్మా అతనికి."

అది ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అతను నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. తలూపుతూ "అబ్సల్యూట్లీ" అన్నాడు.

ఆ మాటకు అది జవాబు కాదని నాకు అప్పుడే తట్టింది. అతను వెళ్ళాక వంటింట్లో నిలదీశాను. "ఏం చెప్పావే?"

"నువ్వు థాంక్యూ అన్నావని చెప్పానమ్మా. ఇంటికొచ్చిన మనిషిని నలుగురి ముందు అంటామా? దినాలయ్యాక నేను వెళ్ళిపోతాను. ఈ వీధిలో నువ్వు ఒక్కదానివే ఉండాలి."

అది నా భయం కాదు, దాని భయం. తండ్రి శవం ఇంకా ఫ్యూనరల్ హోమ్‌లోనే ఉంది, దాన్నేం అనను? ఊరుకున్నాను.

ఎన్నికల రోజు వీధిలో మనవాళ్ళంతా ఒక్కొక్కళ్ళే వచ్చి, "ఆంటీ, అంకుల్ ఆఖరి కోరిక కదా, అతనికే వేసొచ్చాం" అని చెప్పి వెళ్ళారు. నన్ను ఓదార్చడానికే. వాళ్ళకేం చెప్పను? నేనూ వెళ్ళాను, భాయ్ టాక్సీలో. కాగితం తీసుకుని నిలబడ్డాను. పేర్ల బారులో ఒక్కటే నా మొహంలోకి చూసింది. నిచ్చెన, సున్నా, పాము. మిగతావి ఎవరివో, మంచివాళ్ళో చెడ్డవాళ్ళో నాకు తెలియదు. ఆ పేరు వదిలేసి దాని కింద పేరు పక్కన గడి నల్లగా నింపాను, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా. అతనే గెలిచాడు. మా వీధిలో మనవాళ్ళ ఓట్లన్నీ అతనికే, నాది తప్ప. తర్వాతి చలికాలం మళ్ళీ గట్టు మామూలే. ఈ ఏడు మాత్రం మంచు పడకముందే వచ్చి ఉప్పు చల్లిపోయారు. ఉప్పుకు ఎన్నికలు తెలుసు.

నిన్న ఫోన్లో మా అమ్మాయి బతిమాలింది. "అమ్మా, రేపు మేయరయ్యే మనిషి. వదిలెయ్యమ్మా."

"అయ్యే మనిషి కాబట్టే" అన్నాను.

నాకు అతన్ని ఓడించాలని లేదు, నా వల్ల అయ్యేదీ కాదు. మా ఆయన చావు నాది, అతనిది కాదు. అతని పేరు మీద మంచు దులుపుతూ పోయిన మాట నిజమే. ఆ పక్కనే ఎర్ర లైటు తిరుగుతూ ఆగిపోయిన మాట కూడా నిజం. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది ఆయన కథ కాదు, ఇంకో బోర్డు. మంచుకో గుణం ఉంది, కరిగాక అది ఎంత లోతున పడిందో నేలను చూసి ఎవరూ చెప్పలేరు. కాలమూ అంతే. చూసినవాళ్ళు నోరు మూసుకుంటే, మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చెప్పిందే జరిగినట్టు అయిపోతుంది.

అయింది. ఏదమ్మాయ్, ఆ బండి వచ్చిన చోటు నుంచి ఒకసారి చదువు. నా మాట ఇదివరకు ఒకసారి దారిలో మారిపోయింది. ఈసారి నేనన్నది అన్నట్టే ఉందో లేదో వినాలి. చదువు.