శుభమస్తు చద్దరు

ఆ రోజుల్లో సోలాపూర్‌లో మమ్మల్ని నిద్రలేపేది కోళ్లు కాదు, మగ్గాలు. ఆ మోతకు కోళ్లే ఉలిక్కిపడి లేచేవి. అలాంటి ఊళ్లో, చద్దరు మీద తెలుగు పద్యం నేసిన మొట్టమొదటి మనిషిని నేనే! నాలుగు పాదాల పద్యం! నేను నేస్తుంటే చూడడానికి అశోక్ చౌక్ దాకా జనం బారులు తీరారు. (బారులన్నది కొంచెం ఎక్కువైంది. పక్క మగ్గం వాడు ఒకసారి తొంగి చూశాడు. పద్యం సంగతి కూడా ఒప్పుకుంటాను, తొందరేముంది?)

మా తాత కరీంనగర్ వైపు నుంచి బతుకుదెరువుకు ఇక్కడికి వచ్చాడు. నాన్న, నేను ఇక్కడే పుట్టాం. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, కార్ఖానాలో హిందీ, కోపమొస్తే మూడూ. సోలాపూర్‌లో మరాఠీవాళ్లు మమ్మల్ని తెలుగువాళ్లనేవారు. పెళ్లికో చావుకో ఊరికి పోతే అక్కడివాళ్లు "మరాఠోళ్లొచ్చిండ్రు" అనేవారు. బస్సు దిగిన చోటునుబట్టి మేమెవరమో మారిపోయేది. అదేమంత బాధగా ఉండేది కాదు, ఆ పిల్ల వచ్చేదాకా.

ఆ పిల్ల నీలం నగర్‌లో మా ఇళ్ల వరసలోనే ఉండే తన చిన్నమ్మ ఇంటికి, బీడీలు చుట్టే పని కోసం ఊరి నుంచి వచ్చింది. తండ్రి లేడు, మేనమామ మాటే మాట. రోజూ మా అమ్మతోపాటు మా గడప ముందు కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని చుట్టేది. నేను పనిచేసే కార్ఖానా కిటికీ సరిగ్గా దానికెదురుగా ఉండడం దైవనిర్ణయం. (ఆ కిటికీ పక్క మగ్గం కోసం రెండు నెలలు మేస్త్రీ కాళ్లావేళ్లా పడ్డాను, అది వేరే విషయం.) అమ్మ సంబంధం కదిపితే చిన్నమ్మ సరేనంది. మేనమామ మాత్రం ఊరి నుంచి కబురు పెట్టాడు: "మరాఠోళ్లకు మా పిల్లనియ్య. రేపు పుట్టే పోరడు తెలుగుల ఏడుస్తడో, మరాఠీల ఏడుస్తడో ఎవనికెరుక?"

చిన్నమ్మ బతిమాలితే, సరే, వచ్చే సెలవు రోజు వచ్చి పిల్లవాణ్ని ఒక్కసారి చూసి పోతానన్నాడు. అప్పుడు నా నోరు ఊరుకుందా? ఆ పిల్లకు వినపడేలా గట్టిగా, "తెలుగు మాట్లాడుడేంది, తెలుగు నేసి చూపిస్త మామకు!" అన్నాను. అమ్మ ఆకు కత్తిరిస్తున్నదల్లా ఆగిపోయింది. "అరే బేటా, తెలుగుల నీ పేరన్న రాయొస్తదిరా నీకు?" రాదు. మా వరసలో ఎవరికీ రాదు. నోటి నిండా తెలుగే, కంటికి మాత్రం ఒక్క అక్షరం ఆనదు.

ఇంట్లో ఊరి నుంచి వచ్చిన పాత పెళ్లిపత్రిక ఒకటుంది. దాని నెత్తిన పెద్దక్షరాలు. "గది శుభమస్తు. చదువొస్తదని గాదు, మా ఊర్ల పత్రిక ఇప్పితె అందరు ముందుగల్ల గదే అంటరు" అంది ఆ పిల్ల, బీడీ మీద నుంచి తల ఎత్తకుండానే. నాకది చాలు! పరుగున పోయి గ్రాఫ్ మాస్టర్ ముందు పెట్టాను. ఆయన గళ్ల కాగితం మీద బొమ్మ గీసి, దాన్నిబట్టి అట్టలకు చిల్లులు పొడిస్తే, ఆ అట్టలు మగ్గమెక్కి చద్దరు మీద నెమలిగానో గులాబీగానో దిగుతాయి. ఆయన మరాఠీ మనిషి. పత్రికను అటూ ఇటూ తిప్పి, "కాయ్ రే, హీ జిలేబీ కుఠూన్ ఆణ్‌లీస్?" (ఈ జిలేబీ ఎక్కణ్నుంచి తెచ్చావురా?) అని నవ్వాడు. కానీ గళ్లు లెక్కపెట్టి వంపు వంపూ దించేశాడు. అంటే తెలుగు తెలియని మరాఠీ ఆయన గీసిన తెలుగును, తెలుగు చదవలేని తెలుగువాడు నేశాడన్నమాట. ఇక పద్యం సంగతి: నాలుగు పాదాలు కాదు, నాలుగు అక్షరాలు. వాటికే నా ప్రాణం పోయింది. తెగిన పోగుకు ముడివేసి, ఆ ముడిని అడుగు వైపుకు తోయాలి. ఆ రోజు తెగిన పోగులకు అంతే లేదు. దారం నాసిరకంది.

మేనమామను తీసుకురావడానికి నేను స్టేషన్‌కు పోయినప్పుడు, అమ్మ చద్దరును మంచం మీద పరిచింది. మా చద్దరుకు రెండు వైపులా బొమ్మ పడుతుంది: ఒక వైపు తెలుపు మీద ఎరుపు, రెండో వైపు ఎరుపు మీద తెలుపు. ఎరుపు పైనుంటే శుభమని అమ్మ ఎర్రవైపు పైకి పెట్టింది. నేను మామతో తిరిగొచ్చేసరికే వరసంతా చేరి చూసి, "వారెవ్వా, అక్షరాలు ఎంత మంచిగ వడ్డయిరా!" అని నన్ను గాలిలోకి ఎత్తేశారు. మేనమామ మంచం మీద కూర్చోబోయి ఆగాడు. తల ఎడమకు వంచాడు, కుడికి వంచాడు.

"ఇదేం లిపి పిలగా? ఉర్దూనా?"

"తెలుగే మామా!"

"తెలుగా? అయిదేండ్లు పంతులు తాన దెబ్బలు దిన్న. గీ అక్షరానికి ఒక్క దెబ్బ దిన్నట్టు యాదికి లేదు."

అక్కడ నోరు మూసుకుని ఉంటే నేను నేనెందుకవుతాను? "సోలాపూర్ తెలుగు గిట్లనే ఉంటది మామా. ఈడ మేం గిట్లనే రాస్తం" అన్నాను.

మేనమామ సంచి భుజానికెత్తుకున్నాడు. "అక్షరాన్నే మార్చుకున్నోళ్లు, రేపు పిల్లనేం జేస్తరో! నేను పోత."

అమ్మ గడపకు అడ్డం పోయి నిలబడింది. అప్పుడు వంటింటి గుమ్మంలోంచి ఆ పిల్ల వచ్చింది. చద్దరు అంచు పట్టి, పెనం మీద రొట్టె తిప్పినట్టు అవతలి వైపుకు తిప్పేసి, వచ్చిన దారినే లోపలికి పోయింది. మేనమామ వంగి, తెల్లటి చద్దరు మీద ఎర్రటి అక్షరాల వెంట వేలు నడిపిస్తూ, "శు... భ... మ... స్తు" అని చదివాడు. ఎర్రవైపు నుంచి చూస్తే అక్షరాలు అద్దంలోలాగా తిరగబడతాయని మాలో ఎవరికీ తట్టలేదు. మా నెమలి ఎటు తిరిగినా నెమలే కదా! మేనమామ సంచి దించి మంచం మీద కూర్చున్నాడు. "నెలకో ఉత్తరం రాస్త. తెలుగులనే జవాబు రాయాలె, సమజైందా?" అన్నాడు. నేను మీకిప్పుడు రాస్తున్న ఈ తెలుగు ఆ జవాబుల కోసం నేర్చుకున్నదే.

చద్దరును తిప్పింది నేనేనని ఇన్నేళ్లూ మనవలకు చెప్పుకున్నాను. ఇక్కడ ఒప్పుకుంటున్నాను, కాదు. ఆ మనవల్లో పెద్దవాడు ఇప్పుడు పని కోసం పుణెలో ఉంటున్నాడు. అక్కడివాళ్లు వాణ్ని సోలాపూరోడంటారట. సెలవుకు వస్తే ఆ చద్దరే కప్పుకుని పడుకుంటాడు, ఏ వైపు పైకుందో చూసుకోడు. వాణ్ని చూస్తే, కిటికీ పక్కన మగ్గం ముందు నిలబడి లోకాన్నంతా గెలిచేశాననుకున్న ఆ వెర్రి కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అక్షరం ముక్క రాని ఆ పిల్లకు చద్దరు తిరగబడిందని ఎట్లా తెలిసిందంటారా? అక్షరాలు రాకపోతేనేం, ఆమె ఆ రోజు నా కళ్లను చదివింది.

ఇంతవరకు రాసి, పక్కన వెల్లుల్లి ఒలుస్తున్న ఆమెకు చదివి వినిపించాను. చేతిలో పాయ కింద పెట్టి అంది:

"నీ కండ్లెవరు జూసిండ్రయ్యా? ఎర్రవైపు పొడుగునా ముడులే గనవడె. ఉల్టా పరిచిండ్రని తిప్పిన. బీడీ ఆకుది ఉల్టా ఏదో సీదా ఏదో చెయ్యికి దెలుస్తది, చద్దరుది తెల్వదా? నేసినోనివి, నీకే తెల్వకపాయె. అయినా గన్ని పోగులెట్ల తెగినయ్? చూపు యాడ వెట్టి నేసినవో!"