మానిన గాయానికి నేను చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం నేను చేసిన తప్పు చిన్నదేమీ కాదు. ఏన్కూరు దగ్గరి మా చర్చిలో, అందరూ చూస్తుండగా మా బావమరిది కుడిచేతిని పట్టుకుని పైకెత్తి, అతను పూర్తిగా స్వస్థత పొందాడని సాక్ష్యం చెప్పాను. అతన్ని అడగలేదు. అడగాల్సిన అవసరం కనిపించలేదు. చదువుకున్నవాణ్ణి నేనే కదా.

కొన్ని నెలల ముందు చేను దడి కోసం వెదురు నరుకుతుంటే పక్కవాడి కత్తి జారి అతని కుడి మణికట్టు మీద పడింది. కుట్లు వేశారు, గాయం మానింది, మచ్చ కూడా చక్కగా వచ్చింది. అతను మాత్రం ఆ చేత్తో పని ముట్టడం లేదు. అంగీ తగిలినా కారం రాసినట్టు మండుతుందనేవాడు. మా మామ దానికి సోమరితనమని పేరు పెట్టాడు. నేను బడిపంతుల్ని కాబట్టి మానసికం అన్నాను. అర్థం ఒకటే, నాది కాస్త ఖరీదైన మాట.

"గాయం లేని నొప్పి ఏందిరా?" అనేవాణ్ణి.

"నాకేం తెల్సు బావ. నువ్వన్న నమ్మరాదు? నువ్వు చెప్తే నాయిన ఇంటడు."

మామకు చెప్పలేదు. దేవుడికి చెప్పాను, అదీ మైకులో. చేయి ఎత్తగానే అతను కూలబడి, పళ్లు బిగించి ఏడ్చాడు. సంఘం వాటిని ఆనందబాష్పాలనుకుని చప్పట్లు కొట్టింది. నా భార్య ఆడవాళ్ల వైపు నుంచి లేచి వచ్చింది.

"మా తమ్ముడు సంతోషంతోని ఏడుస్తలేడు. చెయ్యి ఇడువుండ్రి."

మర్నాడు ఆమె పంపితేనే అతన్ని ఖమ్మంలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన మచ్చ పక్కన దూదితో మెల్లగా రాశాడు. అతను చెయ్యి లాక్కున్నాడు. పైన తోలు మానినా లోపల తెగిన నరం సరిగా అతుక్కోలేదట. తెగిన కొసలు మళ్లీ పెరగబోయి చిక్కుపడి, ఎవరూ ముట్టకపోయినా వాటంతటవే నొప్పి కబురు పంపుతుంటాయట. ఆ కబురు అందుకుని అందుకుని వెన్నుపాము కూడా చురుకెక్కి, దూది తాకినా మంటగానే మెదడుకు చేరవేస్తుందట. మామూలు నొప్పి గోళీలు దీనికి పనిచేయవు. వేరే మందులు తగ్గిస్తాయి గానీ, పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నాడు.

నాడీ వ్యవస్థ పాఠం బడిలో ఏటా నేనే చెప్పేవాణ్ణి, రంగు సుద్దలతో బొమ్మ వేసి మరీ.

"సార్ పాఠం మస్తు చెప్తడంటరు," అన్నాడు బావమరిది బస్సులో, నవ్వకుండా.

తర్వాతి ఆదివారం మళ్లీ లేచి, పోయిన వారం నా సాక్ష్యం అబద్ధమని, అతని నొప్పి నిజమని, ఎందుకో కూడా చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. పాస్టరు గారు కొత్తగా కొన్న సెల్‌ఫోనులో టైము చూసుకున్నారు.

బయట మామ నన్ను ఆపాడు. "అయితే నా కొడుకు నాటకం ఆడుతలేడంటవ్?"

"అవ్ మామా. ఆడింది నేను."

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర మామ లేచి, స్పూను వెతికి తెచ్చి కొడుకు ఎడమచేతి వైపు పెట్టాడు.

నెలనెలా మందుల కోసం ఖమ్మం బస్సెక్కడం నా పని చేసుకున్నాను. సెలవుల్లో అతని బదులు చేను దడి కూడా నేనే కట్టాను. మొదటి గాలికే పడిపోయింది. మళ్లీ కట్టాను.