నాలుగు పెట్టలు, ఒక అరిసె

మొన్న పక్కింటి పిల్ల ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. లోపల గులాబీ రంగు పూసిన కోడిపిల్ల. నల్లపాడు స్టేషను బయట గంపలో పోసి అమ్ముతున్నారట. మూత తియ్యగానే నూకలూ రెట్టా తడి ఈకలూ కలిసిన వాసన ముక్కుకి తగిలి నాకు ఒళ్లు మండింది. ఆ వాసనకి చాలామందికి పల్లెటూరు గుర్తొచ్చి కళ్లు చెమరుస్తాయట. నాకు మాత్రం కోపమొస్తుంది, నలభై ఏళ్లయినా చల్లారని కోపం.

ఎనభైల మొదట్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మేము గుంటూరుకు పడమర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. పొలాల్లో పత్తి తెల్లగా విచ్చుకుని, కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని, గాలి ఇటు మళ్లితే ఊరంతా తుమ్ములతో లేచే ఊరు. మిరప కోతలకి వెళ్లొచ్చిన అమ్మ మంటెత్తే చేతుల్ని మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. ఆదివారం చర్చి గంట కొట్టేలోగా నాయనమ్మ మార్తమ్మ నా తలకి నూనె పెట్టి, జడ వేసి, ఆ తర్వాతే కోళ్ల గంప ఎత్తేది. ఆమెకి దేవుడి తర్వాత కోళ్లే. అంతకుముందు ఏడు కొక్కెర తెగులు వచ్చి ఆ కోళ్లన్నీ ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోయాయి. చుట్టుపక్కల ఎవరికీ మిగల్లేదు కాబట్టి కొందామన్నా పెట్ట దొరకలేదు. చేసేది లేక, అమ్మ కూలికి వెళ్లే ఆసామి భార్య కాంతమ్మగారు పుట్టింటి నుంచి తెప్పించుకున్న పెట్టని నాయనమ్మ వాటాకి పెంచడానికి తెచ్చుకుంది.

వాటా అంటే న్యాయంగా సగం సగం అనుకునేరు. కోడి వాళ్లది. గంప మాది, నూకలు మావి, గద్దలు రాకుండా ఎండలో నిలబడే కాళ్లు మావి. నెలన్నరకి పిల్లల్ని వాళ్ల వాకిట్లోకి మోసుకెళితే ముందు వాళ్ల సగం వాళ్లు ఏరుకుంటారు, మిగిలినవి మనకి. ఈ పద్ధతి ఎవడు పెట్టాడో వాడి నోట్లో మన్ను పడ!

అయినా నాయనమ్మ భయపడలేదు. ఆ వయసు పిల్లల్లో పుంజేదో పెట్టేదో చెప్పగలిగింది ఊళ్లో ఆమె ఒక్కతే. ఎవరు వాటాకి పెంచినా కాంతమ్మగారు లావు కాళ్లవీ, ఎగిరెగిరి పొడిచేవీ చూసి బలమైనవనుకుని ఏరుకునేది, అవి పుంజులయ్యేవి. "పుంజంటే ఊరందరిదేనే. చుట్టమొచ్చాడని ఒకడడుగుతాడు, పండగని ఇంకోడడుగుతాడు, కాదనలేం. గుడ్డు పెట్టే పెట్టని మాత్రం ఎవడూ అడగడు. పెట్టయితేనే మనది," అనేది నాయనమ్మ. సొంత పెట్టలు నాలుగుంటే మళ్లీ ఎవరి గంపా మొయ్యక్కర్లేదు. ఆమె కోరిక అంతే.

ఆ గుర్తులు నాకు ఒక్కొక్కటే నేర్పింది. పెట్టపిల్లకి తోక ముందొస్తుంది, పుంజుపిల్ల వీపు బోసిగా ఉంటుంది. పుంజుకి కాళ్లు లావు, కాళ్ల మధ్య ఎడం ఎక్కువ. మూడోది అన్నిటికన్నా వింతైనది: పిల్లల మీదుగా చేట ఊపితే గద్ద వచ్చిందనుకుని పెట్టలు నేలకి అణిగిపోతాయి, పుంజులు మెడ సాచి నిలబడతాయి. నాలుగోది గుడ్డులో ఉండగానే చెప్పే గుర్తట. "అది పెద్దదానివయ్యాక చెబుతాలే," అంది.

ఆ యేడు ఎనిమిది పిల్లలు బతికాయి, నాలుగు పుంజులు, నాలుగు పెట్టలు. పండగ వెళ్లిన వారానికి వాటిని కాంతమ్మగారి వాకిట్లో దించాం. గుమ్మం దాకా మమ్మల్ని రానివ్వరు, వేపచెట్టు దగ్గరే నిలబడాలి. ఆవిడ వంగి, అలవాటు ప్రకారం, లావు కాళ్ల పిల్లని పట్టుకుంది. నాయనమ్మ నేల చూపులు చూస్తోంది. నేను ఊరుకుంటే అయిపోయేది. ఊరుకుంటానా? నాకు తెలిసింది ఆవిడకి తెలియదన్న పొగరు గొంతుదాకా వచ్చింది.

"అది పుంజండీ అమ్మగారూ! కావాలంటే చూపిస్తానుండండి," అని గోడకి ఆనించిన చేట లాక్కొచ్చి పిల్లల మీద ఊపాను.

నాలుగు అణిగాయి. నాలుగు మెడలు సాచాయి.

కాంతమ్మగారు పకపకా నవ్వింది. "ఓసి నీ తెలివి తెల్లారా! ఏమే మార్తమ్మా, ఇన్నాళ్లూ ఈ సంగతి నాకు చెప్పకపోతివే!" అంటూ అణిగిన నాలుగింటినీ గంపలో వేయించుకుంది. లోపలికెళ్లి పండగకి మిగిలిన అరిసె ఒకటి తెచ్చి, చెయ్యి తగలకుండా పైనుంచి నా దోసిట్లో పడేసింది. నాయనమ్మ ఒక్క దెబ్బ వెయ్యలేదు, మిగిలిన నాలుగు పుంజుల్నీ మా గంపలోకి ఎత్తుకుని ఇంటిదారి పట్టింది. ఆ అరిసె నేను దారంతా నాక్కుంటూ తిన్నాను. నువ్వుల రుచి ఇప్పటికీ నోట్లో ఉంది, ఆ నోటినే వాతపెట్టుకోవాలనిపిస్తుంది.

పుంజులతో కాపురమంటే ఏమిటో తర్వాత తెలిసింది. తెల్లారకముందే నాలుగూ పోటీలు పడి కూసేవి, మెడ ఈకలు నిక్కబొడుచుకుని రక్తాలు కారేలా కొట్టుకునేవి, బడికి వెళుతుంటే వెనకనుంచి వచ్చి పిక్కలు పొడిచేవి. నేను పుస్తకాల సంచీ అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. నాయనమ్మ చెప్పినట్లే అవి ఊరందరివీ అయ్యాయి. ప్రార్థనకొచ్చిన అయ్యగారికి ఒకటి, మా మేనత్త మొగుడికి ఒకటి, అల్లుడొచ్చాడని కాంతమ్మగారి పాలేరు వచ్చి పట్టుకుపోయింది ఒకటి. కాదనడానికి మాకు నోరెక్కడిది? కొట్లాటలో చచ్చిన నాలుగోదాన్ని మేమే వండుకున్నాం. తొడలు మగాళ్లకి, మెడా కాళ్లూ నాకూ అమ్మకీ.

మరుసటేడు అదే పాలేరు పొదుగుకొచ్చిన పెట్టని మా వాకిట్లో దించాడు, వాటాకి. నేను చేట ఊపినప్పుడు అందరికన్నా ముందు అణిగిన బూడిదరంగు పిల్ల అది. నాయనమ్మ దాని రెక్క నిమిరి, "మనదే," అని గంప కింద పెట్టి నూకలు వేసింది. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా ఆ నాలుగో గుర్తే కాదు, నాకు కోళ్ల సంగతి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్లో గంపల్లేవు, వాటాల్లేవు, చేట పట్టేవాళ్లే లేరు. బ్రాయిలర్ కొట్లో జాలీ వెనక అన్నీ ఒకటే తెలుపు, పుంజేదో పెట్టేదో ఎవరికీ పనిలేదు. గుడ్ల ఫారాల వాళ్లు పనికిరావని పారేసిన పుంజులకే ఇలా రంగులు పూసి పిల్లలకి అంటగడుతున్నారట. నేను అట్టపెట్టె మూత దాని మీదుగా ఊపాను. గులాబీ పిల్ల మెడ సాచి నిలబడింది.

"పుంజే," అన్నాను. పక్కింటి పిల్ల కళ్లు పెద్దవి చేసి, ఎలా తెలిసిందని అడిగింది. మూడు గుర్తులూ చెప్పాను.

"ఇంకా ఉన్నాయా ఆంటీ?"

"ఇంకోటుంది. దాన్ని నేను అరిసెకి అమ్ముకున్నాను."