మోటారు ఇనుము గీరుకుందని చెప్పాను

కుట్లు విప్పిన వారానికి ఎడమ మోకాలి కింద ఎర్రగా వాచింది. వేలు పెడితే వేడి. గోధుమ చేనుకు నీళ్లు వదులుతుండగానే చలిజ్వరం పట్టుకుంది. మానిన గాయం మళ్లీ ఎందుకు లేచిందో నాకు కొంత తెలుసు.

గల్ఫ్ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు అది. తబూక్ పట్నం దగ్గర పొలంలో పని. మా కఫీల్, అంటే నాకు వీసా తీసిన యజమాని, తమ్ముడి పెళ్లి చేశాడు. అక్కడి అలవాటు ప్రకారం గాలిలోకి కాల్పులు జరిపారు. కఫీల్ యుద్ధం తర్వాత కొన్న ఆటోమేటిక్ తుపాకీ చేతులు మారుతుండగా పేలింది. తూటా రాయికి తగిలి, దాని ముక్క నా కాల్లో దిగింది. నేను టీ పళ్లెం పట్టుకుని ఉన్నాను.

అలాంటి తుపాకులు ఇళ్లలో ఉంచుకోవడానికి లేకుండా కొత్త చట్టం వస్తుందని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. కఫీల్ భయపడ్డాడు. తుపాకీ సంగతి పోలీసుల దాకా పోనివ్వొద్దని భుజం తట్టి బతిమాలాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. పైగా ఆయన ఉప్పు తింటున్నవాణ్ని. క్లినిక్‌లో డాక్టరుకు హిందీ వచ్చు. ఆయన అడక్కముందే, మోటారు ఇనుము గీరుకుందని చెప్పాను. కడిగి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, నాలుగు కుట్లు వేశారు. ఎక్స్‌రే మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వాపు లేచాక రెండు నెలలు యాంటీబయాటిక్స్ మింగాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ చీము కారేది. విసుగొచ్చేసింది. చివరికి అడుగు వేయలేక పెద్దాసుపత్రికి వెళ్లాను. మా పొలంలో డ్రైవరుగా చేసే ఖాజా అన్న తోడొచ్చాడు. కడప మనిషి, అరబ్బీ బాగా వచ్చు. ఎక్స్‌రేలో తెల్లటి ముక్క చూపించి ఇదేమిటని డాక్టరు అడిగాడు. ఎముకకు ఇన్ఫెక్షన్ ఎక్కింది, ఆస్టియోమైలైటిస్, ఇంకా ఆలస్యమైతే కాలు తీసేయాలన్నాడు.

"చెప్తే కఫీల్ నన్ను ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతడన్నా," అన్నాను.

"కాలు తీసేసినాక నిన్ను పనిలో ఎవురు పెట్టుకుంటారబ్బా?" అని, ఖాజా అన్న ఉన్నదంతా డాక్టరుకు చెప్పేశాడు.

మూడు ఆపరేషన్లు అయ్యాయి. ముక్క తీశారు, ఎముక గీకారు, కాలు నిలిచింది. ఆసుపత్రి కాయితం అందుకుని పోలీసులు తుపాకీ పట్టుకుపోయారు. ఆ చట్టం తర్వాత ఏమైందో నేను అడగలేదు. కఫీల్ వార్డుకు వస్తే తిడతాడనుకున్నాను. మంచం పక్కన కూర్చుని, ఖాజా అన్నతో ఒక్క మాట చెప్పించాడు.

"పోలీసులకు చెప్పొద్దన్నాను. డాక్టరుకు చెప్పొద్దని ఎప్పుడన్నాను?"

నిజమే, అనలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలో, నా మీద తెచ్చుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తేల్చుకునే ఓపికా లేదు.

ఇప్పుడు జగిత్యాల దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాను. ఎడమ కాలు కాస్త పొట్టి. చలికాలంలో చీము ఊరుతుంది, డ్రెస్సింగ్ నేనే చేసుకుంటాను. గల్ఫ్‌కు పోయేవాళ్లు వీసా సంగతులు అడగడానికి వస్తే ఒక్కటే చెబుతాను: ఒంట్లో ఏం దిగిందో మొదటి రోజే డాక్టరుకు చెప్పండి, ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. నా మొదటి రోజున కఫీల్ బయట కారులోనే ఉన్నాడు. క్లినిక్ గదిలో డాక్టరూ నేనూ తప్ప ఇంకెవరూ లేరు.