లామ్మర్ట్ తిట్ల రేడియో

మా లామ్మర్ట్‌కి పొద్దున్నే రేడియోలో ఎవరినో ఒకరిని తిట్టకపోతే కాఫీ గొంతు దిగేది కాదు. పేరు పెట్టి, ఇంటి గుర్తు కూడా చెప్పి, డ్రెంటె జిల్లాలో సగానికి వినపడేలా తిట్టేవాడు.

స్టేషను ఆయన దూడల కొట్టంలో ఉండేది. లైసెన్సు లేదు గానీ, బంగాళాదుంప చేలో నలభై మీటర్ల ఇనుప స్తంభం ఉంది. పాలు పితికి వచ్చి, చెక్క జోళ్ళతోనే మైకు ముందు కూర్చుని అకార్డియన్ పాట ఒకటి వేసేవాడు. పెద్ద రేడియోల వాళ్ళు మా పల్లె పాటలు ముట్టుకునేవారు కాదు.

"వాళ్ళు వెయ్యరు, మనల్ని వెయ్యనివ్వరు. గాలి వాళ్ళ తాతగారి సొత్తా?" అనేవాడు.

పక్కింటిదాన్ని గనక ఫోను తీసే పని నాకు పడింది. పదకొండేళ్ళు తీశాను.

పాట అవగానే మొదలు. "రూల్ఫీన్ పిన్నీ! తొమ్మిదైంది, ఇంకా కిటికీ తెర తియ్యలేదట. పెళ్ళిచూపులకి ముస్తాబవుతున్నావా?"

నిమిషం తిరక్కుండా ఫోను మోగేది. పిన్నికి ఎనభై రెండేళ్ళు, గొంతుకి మాత్రం ఇరవై.

"ఫెమ్మీ, ఆ పందికి చెప్పు. నేను ఆరింటికే లేచాను. వాడికి బొడ్డు కోసిన చెయ్యి ఇది!"

"ఏమంటోంది?" అని లామ్మర్ట్.

"పంది అంటోంది."

"భేష్!" అని సంబరంగా ఇంకో పాట వేసి, తర్వాతి ముసలాయన మీద పడేవాడు. అలా వరసగా పద్నాలుగు మంది. ఒకరి తోట అడవిలా ఉందట, ఇంకొకరి కోడి యజమాని కంటే బాగా పాడుతుందట.

"పాపం, ముసలివాళ్ళే దొరికారా? వయసులో ఉన్నవాళ్ళని తిట్టు," అన్నాను ఒకసారి.

"వాళ్ళని తిట్టడానికి ఇంట్లో మనుషులున్నారు," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్లు రెండుసార్లు వచ్చి ట్రాన్స్‌మిటర్ పట్టుకుపోయారు. రెండుసార్లూ వాళ్ళకి కాఫీ ఇచ్చి, పెట్టెను తనే మోసుకెళ్ళి కారెక్కించాడు. "జాగ్రత్తండీ, కాలుతుంది," అని హెచ్చరిక కూడాను. పదిహేను రోజుల్లో కొత్త పెట్టె, కొత్త తిట్లు. మొదటి తిట్టు సర్కారుకి.

మూడోసారి నవంబరులో టెర్వీల్ అనే కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అప్పుడే లామ్మర్ట్ పిన్నిని తిట్టి ముగించాడు.

"ప్లగ్గు పీకండి," అన్నాడు టెర్వీల్.

"ఒక్క ఫోను రానివ్వండి."

"మీ ఫోను కోసం చట్టం ఆగదు."

"నేనూ మీ చట్టం కోసం ఆగను!" అని లామ్మర్ట్ మళ్ళీ మైకు అందుకున్నాడు. "పిన్నీ! నీ యాపిల్ కేకు మా దూడలు కూడా ముట్టలేదు!"

ఫోను మోగలేదు. లామ్మర్ట్ ప్లగ్గు తనే పీకేశాడు.

"పెట్టె మీరు తీసుకోండి. కారు నాకివ్వండి."

"అది ప్రభుత్వ వాహనం!"

"అయితే మీరే నడపండి. పిన్ని ఫోను చెయ్యలేదు!"

దొంగ స్టేషన్లను పసిగట్టే ఏరియల్ నెత్తిన పెట్టుకున్న ఆ కారులో, దొంగ స్టేషను వాడినీ నన్నూ ఎక్కించుకుని టెర్వీల్ పొలాల మధ్య దౌడు తీశాడు.

పిన్ని నేలమాళిగ మెట్ల కింద పడి ఉంది. కాలు విరిగింది. తెల్లవారినప్పటి నుంచీ అక్కడే. పైన వంటింట్లో రేడియో గరగరమంటోంది. లామ్మర్ట్‌ని చూడగానే ఆమె తల ఎత్తింది.

"నా కేకు దూడలు ముట్టలేదా? పైకి పాకలేక ఊరుకున్నాను గానీ..."

లామ్మర్ట్ మెట్టు మీద కూలబడి, ఆమె చెయ్యి పట్టుకుని పగలబడి నవ్వాడు.

అంబులెన్సు వచ్చేలోగా లామ్మర్ట్ నుంచి సంగతి రాబట్టాను. పద్నాలుగు మందీ ఒంటరివాళ్ళే. ఎవరి ఫోను రాకపోయినా, పొడుగాటి పాట ఒకటి పెట్టి సైకిలెక్కేవాడట. దూడలకి గడ్డి తెస్తున్నాడనుకునేదాన్ని నేను!

"బాగున్నారా అని మర్యాదగా అడగొచ్చుగా?"

"బాగున్నారా అంటే ఎవరు ఫోను చేస్తారు ఫెమ్మీ? తిడితే పరిగెత్తుకొస్తారు."

టెర్వీల్ అంతా విన్నాడు. విని కూడా పెట్టె పట్టుకుపోయాడు. వారంలో ఇంకోటి వచ్చింది.

ఇప్పుడు మా జిల్లాకి వేరే రేడియో వచ్చింది, దానికి లైసెన్సుంది, అద్దాల గదులున్నాయి. పాటలు కంప్యూటరు ఏరుతుంది. ఒకరోజు ఫోను చేస్తే, ఒకటి నొక్కమంది, రెండు నొక్కమంది, చివరికి పెట్టేసింది. లామ్మర్ట్ డెబ్బై తొమ్మిదో ఏట కూడా లైసెన్సు తీసుకోలేదు. "మనవాళ్ళని తిట్టుకోవడానికి ఒకడి సంతకం కావాలా?" అంటాడు.

అప్పటి సంగతికే వస్తే, పిన్ని ఇంకా ఆస్పత్రిలో ఉండగానే ఒక శనివారం టెర్వీల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి సైకిలు మీద, మామూలు బట్టల్లో. లామ్మర్ట్ అలవాటుగా పెట్టె విప్పబోయాడు.

"దానికోసం కాదు. మా అమ్మ హోగెవేన్ ఊరికి అవతల ఒంటరిగా ఉంటుంది. మీ రేడియో అక్కడికి వినపడుతుందా?"

"స్తంభం ఇంకో పది మీటర్లు పెంచాలి. నేరం కదండీ?"

టెర్వీల్ వెళ్ళి కొట్టం తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మ పేరు ఆల్కియన్," అన్నాడు. "సూపులో ఉప్పు ఎక్కువేస్తుంది. దాని మీద తిట్టండి, వెంటనే ఫోను చేస్తుంది."