మునెమ్మక్క అడిగిన మరచెయ్యి

2024 జూన్, బడులు తెరిచిన తర్వాతి వారం. నగరిలో మరమగ్గాల వీధి చివర మాది చిన్న లేత్ షాపు. లేత్ అంటే ఇనుప ముక్కను గిరగిరా తిప్పుతూ చెక్కే యంత్రం. మగ్గాల విడిభాగాలు చేయడం మా పని. ఆ మంగళవారం మా వీధి మునెమ్మక్క తన మనవరాలు లావణ్యను వెంటబెట్టుకుని వచ్చి నా ముందు ఫోను పెట్టింది.

అందులో పాత అమెరికా బొమ్మల సీరియల్. ఇంటాయన నిద్ర లేవగానే గోడలోంచి మరచేతులు వచ్చి పళ్లు తోముతాయి, తల దువ్వుతాయి, చొక్కా తొడుగుతాయి. ఇట్లాంటి చెయ్యి ఒకటి చేసిమ్మని అడిగింది. షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

ఆమె నవ్వలేదు. పక్షవాతం వచ్చి ఏడాదిగా ఆమె కుడిచెయ్యి పనిచేయడం లేదు. కోడలేమో తెల్లారకముందే శ్రీ సిటీ ఫ్యాక్టరీ బస్సు ఎక్కాలి. బడికి రెండు జడలతోనే రావాలన్నారు, వేసేవాళ్లు లేరు. ఆదివారం జుట్టు కత్తిరించేస్తానని కోడలు చెప్పేసింది. ఆమె తప్పూ కాదు. కానీ నడుము దాటిన జుట్టది, పిల్ల ఏడ్చి ఏడ్చి అన్నం కూడా ముట్టడం లేదట.

"నేను బతికుండంగా దాని జుట్టు మీద కత్తెర పడేది లేదు" అనింది మునెమ్మక్క.

నాకూ పౌరుషం వచ్చింది. మూడు రోజులు కూర్చుని కారు అద్దం తుడిచే వైపర్ మోటారు, దువ్వెనలు, స్విచ్చులతో ఓ మిషన్ తయారు చేశాను. సవరం కట్టి పరీక్షిస్తే సగం వెంట్రుకలు పీకి పారేసింది. పక్క షాపు ఎలక్ట్రీషియన్ అది చూసి, ఇంక గుండుకు తిరుమల దాకా పోనక్కర్లేదన్నాడు. ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం మునెమ్మక్క వచ్చి చూసింది.

"జడ అది ఎందుకల్లాలప్పా? అల్లేది నేను. పాయలు పట్టుకునేదానికి ఒక చెయ్యి ఉంటే సాలు."

"మరి దాని స్విచ్చు ఎవరు నొక్కుతారక్కా? నీ ఎడంచెయ్యి ఖాళీ ఉండదు కదా."

ఆమె చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పాదం చూపించింది. "ముప్పై ఏండ్లు గుంతమగ్గం తొక్కిన కాళ్లు ఇవి. వీటికేం రోగం?"

సిగ్గుతో తల దించుకున్నాను. మగ్గాల వీధిలో పుట్టి పెరిగినవాణ్ని, నాకా సంగతి తట్టనే లేదు. మోటారు పీకేశాను. ఒక స్టాండుకు రబ్బరు తొడిగిన మూడు క్లిప్పులు, కింద మూడు తొక్కుడు పలకలు, రెంటినీ కలుపుతూ బైకు క్లచ్ కేబుళ్లు. తొక్కితే క్లిప్పు పాయను వదులుతుంది, కాలు తీస్తే పట్టుకుంటుంది. శనివారం వాళ్లింట్లో ఆమె లావణ్య జుట్టు నాలుగుసార్లు అల్లి నాలుగుసార్లు విప్పింది. ఐదోసారి జడ నిలిచింది. కోడలు వచ్చి చూసి, కత్తెర తీసి లోపల పెట్టేసింది.

సోమవారం బడికి పోతూ లావణ్య షాపు ముందు ఆగింది. ఒక జడ చెవి దగ్గర, ఇంకొకటి మెడ దగ్గర. ఒకటి పైన, ఒకటి కింద ఉండాదే అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మా అవ్వ ఏసింది" అని తల ఎగరేసి పోయింది పిల్ల.

మనిషికి ఏం చేతకాదో చూసి కొలతలు తీసుకున్నాను, అదే నా తప్పు. ఏం చేతనవునో ముందు అడగాల్సింది. ఇప్పుడు ఎవరైనా బొమ్మల సీరియల్ చూపించి ఇలాంటిది కావాలంటే, కూర్చోబెట్టి అడుగుతాను. నవ్వేవాళ్లుంటే నా షాపు బయటికి పోయి నవ్వుకోవాలి.