రాయి వేసిన మనిషి

నా తలకు కట్టు ఉంది. పక్క సీటాయన ఒడిలో కాలిపోయిన బావి మోటారు ఉంది. ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే బస్సు అది.

నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్ని. లోడు మితిమీరిందని పైనుంచి ఫోను వస్తే పల్లెల లైను ఆపాలి. అలా ఆపినందుకే ఒక రోజు గోడ అవతలి నుంచి రాయి వచ్చి తగిలింది. ఎవరు వేసిందీ కనపడలేదు గానీ, ఎవరో రైతేనని తెలుసు. అందుకే ఆ మోటారును చూస్తే నా కడుపు చల్లబడింది.

నేనెవరో చెప్పకుండానే అందుకున్నాను. "కరెంటు పోయినా అందరూ స్విచ్చి ఏసే పెడతారు. వచ్చీ రాంగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తే కాలక ఏమైతాయి?"

"ఆర్పితే పక్కోడు ముందు నీళ్ళు తోడుకుంటాడప్పా," అన్నాడాయన.

"లోడు తగ్గియ్యకపోతే గ్రిడ్డంతా పడిపోతాది. జిల్లాకు జిల్లానే చీకటైతాది."

"కానీలే. అందరికీ చీకటైతే మాకు కోపమెందుకు? మిల్లుల్లో లైట్లు ఎలగతాంటే మా మిరప ఎండాల్నా?"

నాకు కోపం మాత్రం తగ్గలేదు.

ఆదోనిలో ఆయన మోటారును భుజానికెత్తుకుని, నా కట్టు వైపు చూశాడు.

"మానతాందా?"

తలూపాను.

"ఆ రాయి నాదే. మళ్ళా లైను తీస్తే మళ్ళా ఏస్తా. పోయొస్తానప్పా," అని నెమ్మదిగా దిగిపోయాడు.

కట్టు విప్పకముందే మళ్ళీ ఫోను వచ్చింది. అదే లైను ఆపాను. ఆపి, బయటికొచ్చి, ఆ గోడకు ఎదురుగా నిలబడ్డాను.